కోమలి పంపిన ఉప్పు

తిరుపతి, నర్సింగ్ హాస్టలు
2 మార్చి 2025

పెద్దనాయనకు, కోమలి నమస్కారాలు. పెద్దమ్మకు చదివి వినిపించేటప్పుడు ఆమె వంతు నమస్కారం మింగేయకుండా చెప్పు.

ముందు చెడ్డవార్త. బయోకెమిస్ట్రీ స్లిప్ టెస్టులో నాకు ఇరవై ఐదుకు ఏడు వచ్చాయి. ఎగువపాళెంలో నువ్వు "మా పాప సగం డాక్టరు" అని చెప్పుకుంటున్నావట. గూడూరు నుంచి నాయన ఫోన్ చేసి నవ్వాడు. దయచేసి ఆ సగాన్ని పావుకు దించు. ఏడు బై ఇరవై ఐదంటే లెక్క ప్రకారం పావు కన్నా పిసరు ఎక్కువే.

ఆ సబ్జెక్టు చెప్పే రెబెకా మేడమ్ మొదటి రోజే అంది. "పేరు చూసి బెదిరిపోకండమ్మా. రోగి తిన్న ముద్ద ఒంట్లోకి పోయినాక ఏమవుతుందో తెలుసుకోవడమే ఇది. అది తెలిసిన నర్సు పళ్లెం చూసి ప్రాణం కాపాడుతుంది." నేను ఆ మాటను నోట్సులో అందంగా రాసుకుని, కింద గీత గీసి, తర్వాత నలభై నిమిషాలు నిద్రపోయాను.

ఇప్పుడు నీ సంగతి. శివరాత్రికి వచ్చినప్పుడు నీ కాలు వత్తుతూ చీలమండ దగ్గర బొటనవేలితో నొక్కాను. గుంట పడి అలాగే ఉండిపోయింది. "బస్సులో నిలబడి వచ్చినాడు లే" అంది పెద్దమ్మ. కాదు పెద్దనాయనా, అది ఉప్పు. బీపీ మాత్ర వేసుకుంటూ, మూడు పూటలా ఊరగాయ, సాయంత్రం ఉప్పు చెనక్కాయలు తినే మనిషికి నీరు దిగక ఏం చేస్తుంది? అందుకే తక్కువ సోడియం ఉప్పు రెండు ప్యాకెట్లు పంపుతున్నాను. ఇందులో సోడియం బదులు కొంత పొటాషియం కలిపి ఉంటుంది. బీపీకి పొటాషియం మంచిదని పుస్తకంలో నూట పన్నెండో పేజీలో ఉంది. ఇంట్లో ఉన్న కల్లుప్పు జాడీని ఆవులకు పెట్టేయండి. ఆహార పట్టిక కూడా రాసి పెట్టాను, వంటింటి గోడకు అంటించు.

ఇంకో మాట. మా న్యూట్రిషన్ అసైన్‌మెంటుకు ఒక మనిషిని ఎంచుకుని, మూడు నెలలు తిండి మార్పించి, ఫలితం రాయాలి. ఇరవై మార్కులు. నిన్ను ఎంచుకున్నాను. అడగలేదని కోపం తెచ్చుకోకు, ఫోన్‌లో అడిగితే నీకు వినపడక ప్రతిదానికీ "ఆ, ఆ" అంటావు. రక్తపరీక్ష ఎప్పుడైనా చేయించావా? రాయి.

పావు డాక్టరు,
కోమలి


ఎగువపాళెం
9 మార్చి 2025

మా ఇంటి పావు డాక్టరమ్మకు పెద్దనాయన, పెద్దమ్మ దీవెనలు.

పార్సిలు అందినాది. పిన్‌కోడులో చివరి అంకె ఒకటో ఏడో ఆ దేవుడికే తెలియాల. నేను పోస్టుమానుగా ఉన్న కాలంలో అయితే ఇట్లాంటి పార్సిలు పంపినోళ్లను గురించి వీధి వీధీ చెప్పి నవ్వేవాణ్ణి. ఇప్పుడు నవ్వను మనిషి లేడు, నేనే నవ్వుకున్నాను. రిటైరై నాలుగేళ్లయినా పొద్దున తొమ్మిది కొట్టేసరికి చెప్పులేసుకొని వాకిట్లో నిలబడతా ఉండాను. "యాడికి?" అంటాది మీ పెద్దమ్మ. పెరట్లోకి పోయి బీరతీగెను పలకరించి వస్తా.

ఉప్పు సంగతి. మీ పెద్దమ్మ నాలిక్కి రోంత అంటించుకొని, "ఇది ఉప్పా సున్నమా? కూరలో ఏసినా ఏసినట్టే తెలీదే" అనింది. నేను ప్యాకెట్టు మీద రాసిందంతా భూతద్దం పెట్టి చదివినాను. తక్కువ ఉప్పుండే ఉప్పు గదా, రెండింతలేసుకున్నా పాత లెక్కకే వస్తాది అని ఇద్దరం కూచోని తీర్మానం చేసినాము. ఇప్పుడు కూర బాగుండాది. పక్కింటి మునికుమార్ వచ్చి సంగటి తిని, "ఏమప్పా, ఇదేనా పత్యం? నాకూ పెట్టమను మీ పాపను" అనినాడు. ఆర్టీసీలో కండక్టరుగా చేసినోడు గదా, దేనికైనా టిక్కెట్టు లేకుండా ఎక్కాలని చూస్తాడు.

రక్తపరీక్ష చేయించినాను. పోయిన అక్టోబరులో చిత్తూరులో డాక్టరు అమర్‌నాథ్ రాసిస్తే ల్యాబులో ఇచ్చినాను. వాళ్లు కవరు ఇచ్చినారు. బీరువాలో నా సర్వీసు పుస్తకం పక్కన భద్రంగా ఉండాది, దిగులు పడొద్దు.

ఇరవై మార్కులంటే మాటలు కాదు. నా వల్ల నీకు ఒక్క మార్కు కూడా పోదు. పట్టిక గోడకంటించినాను. మైదాపిండి జిగురుతో.

ఆశీస్సులతో,
చెంగల్రాయుడు


తిరుపతి
20 మార్చి 2025

పెద్దనాయనకు,

నీ ఉత్తరం మెస్సులో చదువుతూ నవ్వితే సాంబారు ముక్కులోకి పోయింది. పక్కనున్న రూమ్మేటు ధరణి నా వీపు మీద చరిచి, "ఊపిరాడని రోగికి ప్రథమ చికిత్స" అని తన రికార్డులో రాసుకుంది. నా ప్రాణంతో దానికి రెండు మార్కులు.

రెండింతలు వేసుకోవడం నిజానికి తప్పే. కానీ సోడియం ఎటూ పాతంతే కదా, పైగా పొటాషియం రెండింతలు అందుతుంది, పోనీలే అనుకున్నాను. రిపోర్టు భద్రంగా ఉందని రాశావు, మనసు తేలికపడింది. అసైన్‌మెంటులో "రక్తపరీక్షలు: సాధారణం" అని ఎర్ర పెన్నుతో రాసి చుట్టూ డబ్బా గీశాను.

వార్డులో నా ప్రతాపం కూడా విను. ముక్కులోంచి గొట్టం వేసిన ఒక పెద్దాయనకు రాగిజావ కాచే పని నాకిచ్చారు. కాల్షియం, ఇనుము అన్నీ లెక్కగట్టి, బలంగా ఉండాలని మన ఇంటి లెక్కలో చిక్కగా కాచాను. గొట్టం మూసుకుపోయింది. సిస్టరు వేడినీళ్లు కొట్టి కొట్టి తెరిచింది. "ఏమ్మా, జావ అన్నామా, సంగటి అన్నామా?" అంది. ఆ పెద్దాయన మాట్లాడలేడు గానీ కళ్లతో నవ్వాడు. ఈ కాలేజీలో నన్ను చూసి సంతోషించిన మొదటి రోగి ఆయనే.

ఎండలు ముదురుతున్నాయి. పట్టికకు ఇవి చేర్చు. రోజూ లేత టెంకాయ నీళ్లు, అరటిపండు, టమోటా రసం. అన్నిట్లోనూ పొటాషియమే. మునికుమార్ మామ చెట్లకు కాయలు విరగకాశాయి కదా, అవిచ్చి టిక్కెట్టు కొట్టించుకోమను.

ఈసారి టెస్టులో పన్నెండు వచ్చాయి. సగానికి అర మార్కు తక్కువ డాక్టరు,
కోమలి


ఎగువపాళెం
13 ఏప్రిల్ 2025

అర మార్కు తక్కువైన మా డాక్టరమ్మకు,

మేము క్షేమం. నీ పట్టికను నేను తపాలా నిబంధనల పుస్తకం మాదిరి పాటిస్తా ఉండాను. పొద్దున ఒక టెంకాయ, సాయంత్రం ఒకటి. మునికుమార్ కొడవలి పట్టుకొని వాకిట్లోకి వస్తే వీధిలోవాళ్లు మాకేదో తగువు వచ్చినాదని చూస్తా ఉండారు. అరటిపండు రెండుపూట్లా. టమోటా రసం తాగి తాగి నా కలలు కూడా ఎర్రగా వస్తా ఉండాయి.

పెద్ద వార్త ఏమంటే మామిడికాయ ఊరగాయ పెట్టినాము. పత్యం చెడకుండా, అంతా నువ్వు చెప్పిన ఉప్పుతోనే. చిత్తూరుకు పోయి ఐదు ప్యాకెట్లు తెచ్చినాను. అంగడాయన నన్ను హోటలోడు అనుకున్నాడు. "బీపీవాళ్ల ఊరగాయ" అని చీటీ అంటించి మూడు జాడీలు వీధిలో పంచినాను. నీకూ ఒకటి కట్టి పెట్టినాను.

మోకాళ్లు రోంత సహకరించలేదని పుత్తూరు పోయి ఎముకల కట్టు కట్టించుకొని వచ్చినాను. ఆయన వేళ్లతో తడిమి చూసి, "పెద్దాయనా, ఇందులో విరిగింది ఏమీ లేదు, మీరు పెద్దాసుపత్రిలో చూపించుకోండి" అనినాడు. అంత దూరం బస్సులో పోయి ఉత్త కాళ్లతో ఎట్ల తిరిగి వచ్చేది? బతిమాలి కట్టించుకున్నాను. ఆకుపసరు వాసన, గుడ్డు వాసన కలిసి ఇప్పుడు మా పిల్లి నన్ను వదలడం లేదు.

తక్కినదంతా బాగుండాది. నీ అసైన్‌మెంటులో "ఆరోగ్యం మెరుగు" అని రాసుకో.

చెంగల్రాయుడు

కోమలీ, నేను మీ పెద్దమ్మ అక్కమ్మను. ఈ మనిషి రాసింది నమ్మొద్దు. కాళ్లల్లో సత్తువ లేదు. కుర్చీలోనుంచి లెయ్యాలంటే నా భుజం పట్టుకుంటా ఉండాడు. గుండె ఒక్కో తూరి ఆగి ఆగి కొట్టుకుంటా ఉండాదంట. నీ మార్కులు పోతాయని నీకు చెప్పనీలేదు. కవరు అంటించే ముందు నీళ్లు తాగను లోపలికి పోయినాడు, అందుకే రాస్తా ఉండాను. ఏందో సూడు తల్లీ.


తిరుపతి, కాలేజీ ఆఫీసు
17 ఏప్రిల్ 2025

పెద్దనాయనా,

ఇది తపాలాలో రాదు. రాసి, ఫోటో తీసి, మునికుమార్ మామ ఫోన్‌కు పంపుతున్నాను. రెబెకా మేడమ్ తన ఫోన్ ఇచ్చి నా పక్కనే నిలబడి ఉంది. తెర మీద చిన్నగా కనపడితే మామ వేళ్లతో పెద్దది చేస్తాడు. అక్షరాలు వంకరగా ఉన్నాయి.

ఈ వారమే కిడ్నీ రోగుల తిండి పాఠం అయింది. కిడ్నీలు బాగుంటే ఒంట్లో ఎక్కువైన పొటాషియాన్ని బయటికి తోసేస్తాయి. బాగా లేకపోతే అది రక్తంలోనే నిలబడిపోతుంది. కాళ్లు పట్టు తప్పుతాయి. గుండె లయ తప్పుతుంది. నువ్వు వేసుకునే బీపీ మాత్ర కూడా దాన్ని కొంత నిలబెడుతుంది. పాఠం విని గదికి వచ్చేసరికి మంచం మీద నీ ఉత్తరం ఉంది. పెద్దమ్మ రాసిన నాలుగు వరుసలు చదివి మెట్లు ఎలా దిగానో నాకు తెలీదు.

ఇందాక మామతో మాట్లాడాను. "బండి మాట్లాడినా పాపా, ఎక్కనంటా ఉండాడు. అసైన్‌మెంటు ఇంకా నెలన్నర ఉండాదంట" అన్నాడు. రిపోర్టు చదివి చెప్పమన్నాను. అప్పుడు తెలిసింది. ఆ కవరు నువ్వు అసలు తెరవనే లేదట! పైన డాక్టరు అమర్‌నాథ్ పేరుందని, ఆయన చిత్తూరు వదిలి వెళ్లిపోయాడని, కొత్త అడ్రసు తెలిస్తే అందిస్తానని ఆరు నెలలుగా బీరువాలో పెట్టావట. ఒకరి పేరు మీదున్న కవరు ఇంకొకరు తెరవకూడదన్నావట. దేవుడా! అందులో ఉండేది నీ రక్తం పెద్దనాయనా! నేనేమో "సాధారణం" అని రాసి డబ్బా గీశాను. అంకెలు ఎంతని ఒక్కసారి అడగలేదు.

సరే, నీ భాషలోనే చెబుతాను. అడ్రసుదారు దొరకని ఉత్తరాలను తెరిచి చూసే అధికారం ఒక్క ఆఫీసుకు ఉంటుందని చిన్నప్పుడు నువ్వే చెప్పావు. ఈరోజు నుంచి ఆ ఆఫీసు నేను. ఇది రాతపూర్వక ఉత్తర్వు. కవరు చించు. లోపలి కాగితం మామ చేతికివ్వు. బండెక్కు. చిత్తూరు ఆసుపత్రిలో అడుగుపెట్టగానే "కాళ్లు పట్టు లేవు, గుండె ఆగి కొట్టుకుంటోంది, పొటాషియం ఉప్పు తిన్నాను" అని మూడు మాటలూ చెప్పండి. ఉప్పు ప్యాకెట్టు వెంట తీసుకెళ్లండి. టెంకాయలు వద్దు, పండ్లు వద్దు, ఊరగాయ వద్దు.

మార్కులు మంటగలవనీ. నాకు నువ్వు కావాలి.

కోమలి


చిత్తూరు, ఆసుపత్రి
24 ఏప్రిల్ 2025

కోమలమ్మకు,

బతికి ఉండాను. ఈ మాట నా చేత్తో రాసి పంపితేనే నీకు నమ్మకమని మంచం మీద కూచోని రాస్తా ఉండాను.

ఆ పొద్దు నీ ఫోటో ఉత్తరం చదివి కవరు చించినాను. నలభై ఏళ్ల ఉద్యోగంలో ఎవరి కవరూ చించని చెయ్యి, మొదట చించింది సొంత కవరు. అందులో ఉండేది ఇంగ్లీషు. ఒక అంకె కింద మాత్రం గీత గీసి ఉండాది. క్రియాటినిన్, అంటే కిడ్నీల లెక్కంట, రెండు పాయింటు నాలుగు. మునికుమార్ అది చూసి, "ఒరే అప్పా, నువ్వు ఆరు నెలలు బీరువాలో దాచింది నీ చావు కబురు రా" అనినాడు. స్నేహితుడు గదా, మెత్తగా చెప్పడం వాడికి రాదు.

ఈడికి వచ్చినాక గుండె మీద తీగెలు పెట్టి గీతలు తీసినారు. ఆ కాగితం చూసి అందరూ పరుగెత్తినారు. పొటాషియం ఏడంట, ఐదు దాటితేనే తప్పంట. ఒక సూది గుండెకని ఏసినారు. తర్వాత గ్లూకోసుతో కలిపి ఇన్సులిన్ అనినారు. నాకు చక్కెర లేదు గదా, పక్క మంచమాయన సూది నాకు పొడుస్తా ఉండారని నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను. హేమశ్రీ అనే సిస్టరు, "తాతా, ఇది మీకే, అడ్రసు సరిగ్గానే ఉండాది" అనింది. మునికుమార్ నా ఉద్యోగం గురించి ఆమెకు ముందే ఊదినాడు. ఎందుకు ఏసినారో నువ్వు రాస్తే తెలుసుకుంటా.

డాక్టరు, "ఈ ఉప్పు ఎవరు పెట్టమన్నారు మీకు?" అని అరిచినాడు. "నేనే ప్యాకెట్టు చూసి కొన్నాను సార్" అనినాను. హేమశ్రీ మాత్రం డాక్టరు పోయినాక మీ పెద్దమ్మ పక్కన కూచోని, పొద్దున లేచింది మొదలు ఏమి వండుతారు, ఎన్ని చెంచాలు ఏస్తారు అని పావుగంట అడిగింది. రెండింతల సంగతి అప్పుడు బయటపడినాది. మోకాలి కట్టు విప్పినప్పుడు వార్డంతా ముక్కు మూసుకున్నారు.

ఆదివారం నువ్వు వచ్చినావు. మంచం కాడ నిలబడి నా చార్టు చదివి, ఒక్క మాట మాట్లాడకుండా వెళ్లిపోయినావు. నా మీద అంత కోపమా? అసైన్‌మెంటు చెడగొట్టినానని నాకు తెలుసు. అబద్ధం రాసినాను. మన్నించు.

పెద్దనాయన


తిరుపతి
1 మే 2025

పెద్దనాయనా,

కోపమా? నీ మీదా? నీ మంచం పక్కన నిలబడి చార్టులో పొటాషియం అంకె చదివాను. నోరు తెరిస్తే వార్డంతా వినేలా ఏడ్చేదాన్ని. అందుకే పారిపోయాను. బస్టాండులో నీకని కొన్న బత్తాయిలు చేతిలోనే ఉన్నాయి. అవి కూడా నీకు పెట్టకూడదని బస్సెక్కాక గుర్తొచ్చింది. నా తెలివి చూశావా.

ఇన్సులిన్ ఎందుకంటే, అది చక్కెరను కణాల్లోకి తోసేటప్పుడు రక్తంలోని పొటాషియాన్ని కూడా లోపలికి తోస్తుంది. చక్కెర పడిపోకుండా గ్లూకోసు తోడిస్తారు. అది తాత్కాలికం. గుండెను కాపాడి ఒంట్లోంచి పంపేందుకు వ్యవధి ఇస్తుంది. చూడు, ఎంత బాగా చెప్పానో. పాఠమంతా వచ్చు నాకు. నిన్ను చంపబోయాక వచ్చింది.

డాక్టరుకు అబద్ధం చెప్పి నన్ను దాచావు. దానికే నాకు ఎక్కువ సిగ్గుగా ఉంది. నేను దాచలేదు. అసైన్‌మెంటులో "సాధారణం" కొట్టేసి, జరిగింది జరిగినట్టు రాసి రెబెకా మేడమ్ బల్ల మీద పెట్టాను. కాలి వాపు చూసి కిడ్నీ గురించి ఆలోచించలేదని, అంకె చూడకుండా ఆహారం రాశానని, రెండింతలు వేస్తున్నారని తెలిసి కూడా ఉత్తరంలో జోకు వేశానని, అన్నీ. ఆమె చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "రేపు మాట్లాడదాం" అంది. ఆ రేపు నేను ఆమెకు కనపడలేదు.

పెట్టె సర్దుకున్నాను పెద్దనాయనా. గూడూరు పోతాను. నాయనతో మండీలో కూచుని నిమ్మకాయలు ఏరుతాను. తప్పుగా ఏరితే కాయ కుళ్లుతుంది, అంతే. మనుషుల దగ్గరికి పోయే అర్హత నాకు లేదు. సొంత మనిషి కాబట్టి నువ్వు మన్నించావు. రేపు ఇంకెవరి పెద్దనాయనో అయితే?

నన్ను ఆపకు.

కోమలి


ఎగువపాళెం
6 మే 2025

కోమలీ,

ఇంటికి వచ్చినాను. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివినాను. చదివినప్పుడల్లా మీ పెద్దమ్మ ఏడ్చింది, అందుకే ఐదోసారి చదవలేదు.

ముందు ఊరగాయ కథ చెప్తాను. ఆసుపత్రిలోనుంచి రాగానే మునికుమార్ భుజం పట్టుకొని మూడిండ్లకూ పోయి జాడీలు వెనక్కి అడిగినాను. పంచినోడు తిరిగి అడుక్కుంటా వచ్చినాడని ఊరంతా నవ్వినారు. ఎదురింటి గంగులమ్మ, "ఇచ్చిన ఊరగాయ ఎవరన్నా వెనక్కి అడుగుతారా? నీకు మతి పోయిందా?" అనింది. ఆమెకు చక్కెర, బీపీ రెండూ ఉండాయి. ఆమె చెయ్యి పట్టుకొని, "వదినా, దీనితో నేను చావుదాకా పోయి వచ్చినాను. నువ్వు కిడ్నీ పరీక్ష చేయించుకున్నావా?" అని అడిగినాను. చేయించుకోలేదంట. బుధవారం పోతా ఉండాది. జాడీలన్నీ గుంటలో పూడ్చినాము. అంత మామిడికాయ మట్టిలో పోసేటప్పుడు మీ పెద్దమ్మ మొగం చూసి ఉండాల్సింది.

ఇప్పుడు నీ సంగతి. ఎనభై మూడులో, నేను పనిలో చేరిన రెండో ఏడు, ఒక పిల్లోడి ఇంటర్వ్యూ కార్డు నా సంచి అడుగున మడతలో ఇరుక్కొని మూడు దినాలు ఉండిపోయినాది. నేను చూసుకోలేదు. ఆ ఉద్యోగం పోయినాది. వాళ్ల నాయన చెంగల్రెడ్డి వచ్చి నా చొక్కా పట్టుకున్నాడు. పేరు కూడా రోంత నా పేరే, తిట్టేటప్పుడు తననే తిట్టుకున్నట్టుండాది. రాజీనామా రాసుకొని బయల్దేరినాను. దోవలో ఆయనే ఎదురొచ్చి కాగితం చదివి, "నువ్వు మానుకుంటే నా కొడుక్కి ఉద్యోగం వస్తాదా? నీ తావలో వచ్చేవాడికి ఈ మడత సంగతి తెలుసా? పో, పోయి సంచి దులుపుకో" అనినాడు. ఆ పొద్దు మొదలు రిటైరయ్యేదాకా దినామూ సంచి తిరగేసి దులిపినాను. ఇంకో కార్డు ఇరుక్కోలేదు. ఆ పిల్లోణ్ణి తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ నిద్ర పట్టదు. అది పోదులే. పోగొట్టుకోవాలని కూడా చూడొద్దు.

డాక్టరు చెప్పింది కూడా చెప్తాను, దాచి దాచి మనం బాగుపడింది చాలు. నా కిడ్నీలు మూడో వంతు కూడా పని చెయ్యడం లేదంట. పోయింది తిరిగి రాదంట. ఉండేదాన్ని నిలబెట్టుకుంటే కొన్నేళ్లు గడుస్తాదంట, లేకుంటే డయాలసిస్ తప్పదంట. కూరగాయలు తరిగి నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మళ్లా ఉడకబెట్టి, ఆ నీళ్లూ పారబోసి తినాలంట. మీ పెద్దమ్మ, "ఇంక ఆ పీచు తినేదెందుకు, గోడ గీక్కొని తినొచ్చు" అంటా ఉండాది. ప్రొటీన్ ఎంత, పప్పు ఎంత, నీళ్లు ఎంత, ఒక కాగితమిచ్చినారు. మాకు అర్థం కాలేదు. హేమశ్రీ పోయినసారి అడిగినట్టు కూచోని అడిగేవాళ్లు ఈడ ఎవరుండారు? మాకు నువ్వుండావు.

నిమ్మకాయలు ఏరను మీ నాయనుండాడు. నాకు నర్సు కోమలి కావాల. నేను బతకాలనుకుంటా ఉండాను.

పెద్దనాయన


తిరుపతి
11 మే 2025

పెద్దనాయనకు,

పెట్టె విప్పేశాను. ధరణి నా బట్టలు మడతపెడుతూ, "నువ్వు ఇంటికి పోతే కిటికీ పక్కనున్న నీ మంచం నాకొస్తుందని ఆశపడ్డానే" అని తిట్టింది. రెబెకా మేడమ్ దగ్గరికి నేనే వెళ్లాను. అసైన్‌మెంటు మీద ఇరవైకి తొమ్మిది వేసింది. కింద "ఈ అమ్మాయిని మళ్లీ రాయించాలి, నేను పక్కన కూర్చుంటాను" అని రాసింది. ఈసారి ముందు నిన్ను అడగమంది, అందుకే అడుగుతున్నాను. మళ్లీ నువ్వే ఉంటావా? వద్దంటే వద్దు.

ఈ ఉత్తరంలో పట్టిక లేదు. నీ డాక్టరు ఇచ్చిన కాగితం, రిపోర్టులు అన్నీ ఫోటో తీసి మామతో పంపించు. అవి మేడమ్‌తో కూర్చుని చదివి, అర్థం కానిది మీ డాక్టరునే అడిగి, ఆ తర్వాతే మాట్లాడతాను. అప్పటిదాకా నాకు తెలియాల్సినవి ఇవి.

పొద్దున లేవగానే, ఏమీ తినకముందు నీ బరువెంత? మామ ఇంట్లో తూకం ఉంది. రోజుకు ఒంటికి ఎన్నిసార్లు పోతున్నావు, ముందుకన్నా తగ్గిందా? చీలమండ దగ్గర పెద్దమ్మను నొక్కి చూడమను, గుంట ఎంతసేపు నిలబడింది? వెల్లకిలా పడుకుంటే ఆయాసం వస్తోందా? నిన్న ఏం తిన్నావు? తినమన్నది రాయొద్దు, తిన్నది రాయి. పెద్దమ్మకు తెలియకుండా తిన్నది కూడా. నోట్లో ఏ ఉప్పు పడుతోంది, ఎంత? పెద్దమ్మ ఆ పీచు కూర నీతో కలిసి తింటోందా, లేక నీకు పెట్టి తను ఒక్కతే ఏడుస్తూ తింటోందా?

నీ ఉత్తరం నిండా జోకులున్నాయి పెద్దనాయనా. మూడో వంతు కిడ్నీల గురించి కూడా నవ్వుతూనే రాశావు. నేను నవ్వాను, తర్వాత ఇంకోసారి చదివాను. నీకు భయం వేస్తోందా? వేస్తే అది కూడా రాయి. నాకు వేస్తోంది.

కోమలి